జీపులో ఉరుము

యూనియన్ కార్యదర్శి ఏం మాట్లాడబోతున్నాడో మా మేడంకి ముందే ఎలా తెలుస్తుందన్నది మా ఆఫీసులో ఎవరికీ అంతుపట్టని విషయం.

మాది ఊరికి నీళ్ళిచ్చే ప్రభుత్వ సంస్థ. నీళ్ళు ఎప్పుడొస్తాయో గట్టిగా చెప్పలేం గానీ, గొడవలు మాత్రం వేళ తప్పకుండా వస్తాయి. వాటి కోసం ఒక విభాగం ఉంది. తలుపు మీద 'ఉద్యోగ సంబంధాల విభాగం' అని ఉంటుంది. అందరూ పిలిచేది గొడవల గది అని. ఆ గదికి పెద్ద మా మేడం. అందులో హెడ్ క్లర్కుని నేను. నాకు కుతూహలం కాస్త ఎక్కువ. ఎక్కడ ఇద్దరు గుసగుసలాడినా నా చెవులు నాకంటే ముందు అక్కడికి వెళ్తాయని మా ఆయన ఎగతాళి చేస్తుంటాడు.

మేడం ఆ కుర్చీలోకి పెద్ద చదువులతో రాలేదు. ఉద్యోగంలో చేరినప్పుడు నీటి బిల్లులు కట్టించుకునే కౌంటర్లో కూర్చునేది. అద్దానికి ఉన్న కంతలోంచి రోజంతా జనం తిట్టిన తిట్లన్నీ ఆవిడకే. నీళ్ళు రాకపోయినా ఆవిడనే తిట్టేవాళ్ళు, బురదగా వచ్చినా ఆవిడనే. తిట్టే మనిషికి బదులు చెప్పకుండా, అతను అన్న మాటే మెల్లగా తిరిగి అతనికి చెప్తే సగం కోపం దిగిపోతుందని అక్కడే పట్టుకుందట. ఆ తర్వాత మెట్టు మెట్టుగా ఎక్కుతూ గొడవల గదికి చేరింది. ఇంట్లో మాత్రం ఈ విద్య సాగదు. భర్తది కళ్ళద్దాల కొట్టు, ఆయన నోట్లోంచి మాట రావడమే గగనం. అత్తగారు మాత్రం ఉన్న మాట మొహాన్నే అంటుంది: "ఆఫీసులో వందమందికి రాజీ కుదురుస్తావంటారే, మన ఇంట్లో టీవీ గొడవ తేల్చవేం?"

ఇక కార్యదర్శి. పైపుల మరమ్మతు పనిలోంచి యూనియన్ పెద్దగా ఎదిగినవాడు. ఆయనకు ఆఫీసు పెట్టిన పేరు ఉరుము. మేడమీద హాల్లో ఆయన నోరు తెరిస్తే కింద జీపుల షెడ్డులో వినిపిస్తుంది. అలాంటి మనిషి మేడం ముందుకు వచ్చేసరికి సగం మాట దగ్గరే ఆగిపోయేవాడు. గమ్‌బూట్ల విషయం మాట్లాడిన రోజు నాకు బాగా గుర్తు.

"మీరు చల్లటి గదుల్లో కూర్చుని..." అని మొదలుపెట్టాడు.

"...మురుగులో దిగేవాడి పాదాల గురించి మాట్లాడితే ఎలా అంటారు, అంతే కదండీ? నిజమే, కూర్చుంటే తెలీదు. అందుకే మొన్న వెళ్ళి చూసొచ్చాను" అంది మేడం. మంచినీళ్ళు రెండు గుక్కలు తాగింది. "ఆ బూట్లకి అడుగే లేదు. మార్పిద్దాం."

బల్ల గుద్దడానికి ఎత్తిన చెయ్యి గాల్లోనే ఉండిపోయింది ఆయనకి. తన మాట తన నోట్లోంచి వచ్చేలోపు ఇంకొకళ్ళ నోట్లోంచి వస్తే ఎవరికైనా ఎలా ఉంటుంది? పాపం, తన మనుషుల్లోనే ఎవడో చేరవేస్తున్నాడని అనుమానం పట్టుకుంది. కోశాధికారిని మార్చాడు. యూనియన్ ఆఫీసులో మాట్లాడుకోవడం మానేసి ఆయన చెల్లెలి ఇంటి డాబా మీద మాట్లాడుకున్నారు. అయినా లాభం లేదు. చివరికి నా దగ్గరికి కూడా వచ్చి, టీ ఇప్పించి, "చెప్పమ్మా, ఎవడు? నీ పేరు బయటికి రానివ్వను" అని బతిమాలాడు. నాకు తెలిస్తే కదా చెప్పడానికి! తెలియకనే నాకూ కడుపు ఉబ్బరంగా ఉంది.

మొత్తానికి అది నాకు జీపులో తెలిసింది.

ఊరి బయట వంతెన దాటాక పెద్ద పంపుహౌస్ ఉంది. మోటార్లను వదిలి అక్కడివాళ్ళు రాలేరు కాబట్టి నెలకోసారి చర్చలు అక్కడే పెట్టేవారు. మేడంతో వెళ్ళి మాటలు రాసుకునే గుమస్తాకి జ్వరం వచ్చి, ఆ పని నా మీద పడింది. ముందు సీట్లో మేడం, వెనక సీట్లో నీళ్ళ సీసాలతో నేను. జీపు నడిపేది మా డ్రైవరన్న. మేడం కంటే వయసులో పెద్దవాడు, బక్కపలచటి మనిషి, నెరిసిన మీసం. ఇన్నేళ్ళలో ఆయన నోట 'అలాగేనమ్మా' తప్ప రెండో మాట నేను విని ఎరగను.

ఊరు దాటగానే మేడం కిటికీ అద్దం పైకెత్తి, "మొదలుపెడదామా అన్నయ్యా?" అంది.

ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఏం మేడం!" అని ఒక్క అరుపు అరిచాడు. నేను ఉలిక్కిపడి లేచేసరికి తల జీపు కప్పుకి కొట్టుకుంది. "ఏం మేడం! రాత్రి డ్యూటీ చేసేవాడు మనిషి కాదా? వాడి కళ్ళు కళ్ళు కావా? మీరు పడుకుంటారు, మీ డైరెక్టర్ గారు పడుకుంటారు, ఈ ఊరంతా పడుకుంటుంది, ఆ మోటారూ మావాడూ మాత్రం పడుకోకూడదు!"

అచ్చం ఉరుమే. గొంతు ఒక్కటే కాదు, 'మావాడు' అన్నప్పుడు ఆ మాటని సాగదీయడం, ప్రతి రెండు ముక్కలకీ ఊపిరి ఎగబీల్చడం, అంతా. మేడం బదులు చెప్పింది. ఆయన మధ్యలోనే తుంచేశాడు. ఆవిడ ఇంకోలా చెప్పింది. ఆయన దానికీ వెక్కిరింపుగా నవ్వాడు. మూడోసారి చెప్పినదానికి కాస్త తగ్గి, "ఊఁ, అది చూడండి మరి" అన్నాడు. పంపుహౌస్ గేటు కనబడగానే జీపు ఆపి, దిగి, అటుపక్కకి వచ్చి తలుపు తీసి, "దిగండమ్మా" అన్నాడు చీమ గొంతుతో.

ఆ రోజు చర్చల్లో ఉరుము అన్న ప్రతి మాటా నేను పొద్దున్నే విని ఉన్నాను. నవ్వు ఆపుకోలేక నోట్లో చీర కొంగు కుక్కుకున్నాను.

తిరుగు దారిలో ఇక ఉండబట్టలేక అడిగేశాను. "అది కాదు అన్నయ్యా, ఆయన ఏం అంటాడో నీకెలా తెలుస్తుంది?"

"షెడ్డులో కూర్చుంటే అన్నీ వినబడతాయి కదమ్మా" అన్నాడు. ఎదురొచ్చిన లారీకి దారిచ్చి, "గొంతు పట్టుకుంటే చాలదమ్మా, కోపం పట్టుకోవాలి. ఆయన కోపం ఎక్కడ మొదలవుద్దో తెలిస్తే మాట దానంతటదే వస్తది" అన్నాడు.

"మరి ఇంట్లో?"

"ఇంట్లో ఒకసారి ఇలాగే అరిచాను. యూనియన్ వాళ్ళని పిలవమంటావా అంది మా ఆవిడ."

మేడం వెనక్కి తిరిగి, "చెల్లీ, ఇది జీపు దాటి వెళ్ళకూడదు" అంది. నా నోట్లో నువ్వుగింజ నానదని ఊరందరికీ తెలుసు. అయినా ఆ మాట నేను నిలబెట్టుకున్నాను. మా ఆయనకి కూడా చెప్పలేదు. ఇప్పటికీ ఆయన దాన్ని నమ్మడు.

ఆ తర్వాత నెలనెలా మేడంతో వెళ్ళే పని నేనే అడిగి మరీ తీసుకున్నాను. ఇలా హాయిగా సాగుతుండగా పైనుంచి ఒక నిర్ణయం దిగింది. జీపులు పాతబడ్డాయి, అమ్మేసి బయటి ఏజెన్సీ నుంచి అద్దె కార్లు పెట్టుకోవాలని డైరెక్టర్ గారి ఆలోచన. పర్మినెంట్ డ్రైవర్లను నీళ్ళ ట్యాంకర్ల మీదికి పంపుతారు. కాంట్రాక్టు డ్రైవర్లు మాత్రం ఒకటో తారీఖు నుంచి రానక్కర్లేదు. మా డ్రైవరన్న కాంట్రాక్టు. ఏటేటా పొడిగించుకుంటూ ఆ జీపుతోపాటే ముసలివాడయ్యాడు. ఇంటద్దె, చదువుకుంటున్న కూతురు, మోకాళ్ళ నొప్పుల భార్య. ఆ వయసులో కొత్తగా పని ఇచ్చేవాళ్ళెవరు?

యూనియన్ ఒప్పుకుంటేనే ఈ మార్పు జరుగుతుంది. ఒప్పించి సంతకం పెట్టే బాధ్యత మా మేడందే. పని చెడితే పైవాళ్ళ చేత తిట్లు తినేదీ మేడమే.

"మేడం, ముందు ఆయనకి చెప్పండి" అన్నాను.

"ఆయనకి తెలుసు. అమ్మేసే జీపుని రోజూ కడుగుతున్నాడు, చూళ్ళేదూ?" అంది.

చర్చలకు బయల్దేరిన పొద్దున జీపులో ఎప్పటిలాగే మొదలైంది. రాత్రి డ్యూటీ భత్యం అయింది, పంపుహౌస్‌లో మరుగుదొడ్డి అయింది. రెంటికీ డ్రైవరన్న బ్రహ్మాండంగా అరిచాడు. మూడోది వచ్చేసరికి మేడం కిటికీలోంచి బయటికి చూడడం మొదలుపెట్టింది.

"మూడోది వాహనాలు" అంది. "జీపులు అమ్ముతున్నాం. పర్మినెంట్ డ్రైవర్లు ట్యాంకర్ల మీదికి వెళ్తారు. కాంట్రాక్టు వాళ్ళని... ఆపేస్తున్నాం. మీరేమంటారు కార్యదర్శి గారూ?"

ఆయన గేరు మార్చాడు. "పర్మినెంట్ వాళ్ళకి నష్టం లేదు కదా మేడం?" ఉరుము గొంతు, అదే ధాటీ.

"లేదు."

"అయితే మాకేం అభ్యంతరం లేదు. కాంట్రాక్టు వాళ్ళు మా సభ్యులు కారు, వాళ్ళ సంగతి మాకెందుకు? ఒప్పుకున్నాం. తర్వాతది చెప్పండి."

మేడం గిర్రున ఆయన వైపు తిరిగింది. "ఆపండి అన్నయ్యా. ఆయన అలా అనడు."

"అంటాడమ్మా."

"ఇది మీ ఉద్యోగం! మీకోసం అరవండి ఒకసారి."

"నేను అరవగలనమ్మా. ఆయన అరవడు" అన్నాడు డ్రైవరన్న, ఈసారి తన గొంతుతో. "ఆయనేమంటాడో చెప్పమన్నారు, చెప్పాను. లేనిది చెప్తే అక్కడికెళ్ళాక మీకే ఇబ్బంది."

నాకు దుఃఖం ఆగలేదు. వెనక సీట్లో కూర్చుని ఏడ్చేశాను. ఇన్నేళ్ళూ బూట్ల కోసం, భత్యాల కోసం, ఎవరెవరి సెలవుల కోసమో గొంతు చించుకున్న మనిషి, తన వంతు వచ్చేసరికి తనని పొమ్మనే మాటకి తనే గొంతు ఇచ్చాడు. అదీ పొల్లుపోకుండా.

పంపుహౌస్ లోపల ఉరుము ఏమన్నాడో వేరే చెప్పాలా? మొదటి రెండింటికీ బల్ల అదరగొట్టాడు. మూడోది రాగానే కుర్చీలో వెనక్కి వాలి, "పర్మినెంట్ వాళ్ళకి నష్టం లేదు కదా మేడం?" అన్నాడు. మిగతాదంతా ముక్క తేడా లేదు. మా తరఫున వేరే బండిలో వచ్చిన లెక్కల ఆఫీసరు మొహం వెలిగిపోయింది. సంతకం కోసం అప్పుడే కలం మూత తీశాడు.

మేడం ఆ కలం అందుకోలేదు. మంచినీళ్ళు తాగింది. "కార్యదర్శి గారూ, ఒక్క నిమిషం అలా బయటికి వస్తారా?" అంది.

వరండాలోకి వెళ్ళారు. నా చెవులు ఎలాగూ వెళ్తాయి కాబట్టి నేనూ వెళ్ళాను. మోటార్ల హోరులో ఆవిడ కాస్త గట్టిగానే మాట్లాడాల్సి వచ్చింది.

"మీ మాటలు నాకు ముందే ఎలా తెలుస్తాయో మీకు తెలుసుకోవాలని ఉందా?"

ఉరుము కళ్ళు ఎంతయ్యాయో చూడాలి. "ఎవడండీ వాడు? చెప్పండి. ఏం కావాలన్నా చేస్తాను."

"మూడో అంశం ఇవాళ తేల్చొద్దు. వాయిదా కావాలని మీరే అడగండి."

"ఓస్, అంతేనా?"

నేను మేడం మోచేయి పట్టుకుని లాగాను. "చేజేతులా గుట్టు విప్పడం ఎందుకు మేడం? ఇక ముందు ఏం పెట్టుకుని మాట్లాడతారు?" అని చెవిలో అన్నాను. ఆవిడ నా చెయ్యి విడిపించుకుంది.

వాయిదా పడింది. లెక్కల ఆఫీసరు కలానికి మూత పెట్టుకుంటూ నాకేసి కొరకొరా చూశాడు, నేనేదో చేసినట్టు. మేడం తన ముందు సీటు ఉరుముకి ఇచ్చి, నా పక్కన వచ్చి కూర్చుంది.

"పోనివ్వండి అన్నయ్యా. కార్యదర్శి గారికి ఆయన గొంతే వినిపించండి."

డ్రైవరన్నకి చెమటలు పట్టాయి. "ఈయనకా? ఈయన ఎదురుగానా?" అన్నాడు. మేడమే గమ్‌బూట్ల సంగతి ఎత్తి ఆయన్ని కదిపింది. మొదట గొణిగాడు, తర్వాత గొంతు లేచింది, వంతెన వచ్చేసరికి జీపు అదిరిపోతోంది. ఉరుము మొదట నోరు తెరుచుకుని చూశాడు. తర్వాత తొడ చరుచుకుంటూ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాడు.

"ఓరి నీ! ఇది నేనేనయ్యా! నా కోశాధికారిని అన్యాయంగా తీసేశాను కదయ్యా! కానీ అక్కడ నేను బల్ల గుద్దుతాను, నువ్వు గుద్దలేదు."

"స్టీరింగు వదిలి గుద్దలేనండీ" అన్నాడు డ్రైవరన్న.

ఇంకోటి చెప్పు, ఇంకోటి చెప్పు అని చిన్నపిల్లాడిలా అడిగాడు ఉరుము. మేడం అందుకుంది. "మూడోది. వాహనాలు."

డ్రైవరన్న అద్దంలో మేడంకేసి ఒకసారి చూశాడు. తర్వాత చెప్పాడు. సభ్యులు కారు, మాకెందుకు, ఒప్పుకున్నాం, తర్వాతది చెప్పండి.

ఉరుము నవ్వు ఆగిపోయింది. "నేను లోపల అన్నది నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదండీ. పొద్దున వచ్చేటప్పుడు నేనే అన్నాను."

"నేను అనకముందే?"

"అవునండీ."

"ఇంతకీ నువ్వు పర్మినెంటా?"

"కాంట్రాక్టండీ."

"అంటే... పోయేది నువ్వా?"

"అవునండీ."

"పోయేవాడివి నువ్వయ్యుండి, నేను ఒప్పుకుంటానని నువ్వే చెప్పావా?"

"మీరు ఒప్పుకున్నారు కదండీ" అన్నాడు డ్రైవరన్న. అందులో దెప్పిపొడుపు లేదు. అడిగినదానికి బదులు, అంతే.

బస్టాపు దగ్గర జీపు ఆపించి దిగిపోయాడు ఉరుము. వెళ్తానని కూడా చెప్పలేదు. ఆయన అలా తల దించుకుని నడవడం నేను చూడ్డం అదే మొదలు.

ఆ వారంలో యూనియన్ సమావేశం జరిగింది. లోపల ఏం జరిగిందో తెలుసుకోవాలని నేను చెయ్యని ప్రయత్నం లేదు. పెద్ద పెద్ద అరుపులు వినిపించాయనీ, ఈసారి ఉరుము అరిచింది సొంత మనుషుల మీదేననీ మాత్రం తెలిసింది. కాంట్రాక్టు డ్రైవర్లను సభ్యులుగా చేర్చుకున్నారట.

వాయిదా పడిన చర్చ మా ఆఫీసు హాల్లోనే పెట్టారు. ఆ పొద్దున మేడం దగ్గర సాధన చెయ్యడానికి ఎవరూ లేరు. డ్రైవరన్న సెలవు పెట్టాడు. ఆవిడ బస్సులో వచ్చింది. "చెల్లీ, నువ్వు ఉరుములా మాట్లాడు కాసేపు" అంది. నేను నడుం మీద చేతులేసుకుని చేతనైనంత అరిచాను. "వద్దులే, అచ్చం మా అత్తగారిలా ఉన్నావు" అని నవ్వింది. ఆ నవ్వులో దిగులు నాకు కనబడుతూనే ఉంది. ఆయన లేని లోటు ఆవిడకు అప్పుడే తెలుస్తోంది.

హాల్లోకి ఉరుము వచ్చాడు. వెనక ఇస్త్రీ చొక్కాతో డ్రైవరన్న. వచ్చి ఉరుము పక్క కుర్చీలో ఒక అంచున కూర్చున్నాడు.

"డ్రైవర్‌కి ఇక్కడేం పని?" అన్నాడు లెక్కల ఆఫీసరు.

"మా సలహాదారు" అన్నాడు ఉరుము. తర్వాత మేడం వైపు తిరిగాడు. "చూడండి మేడం. జీపులు అమ్ముకోండి, కాదనం. మనుషుల్ని తీసెయ్యడానికి ఒప్పుకోం. ట్యాంకర్లకి డ్రైవర్లు చాలడం లేదని మీరే అంటున్నారు. కాంట్రాక్టు వాళ్ళని కూడా వాటిమీదే పెట్టండి."

మేడం గ్లాసు వైపు చెయ్యి చాచింది. డ్రైవరన్న ఉరుము చెవి దగ్గరికి వంగాడు. మెల్లగా చెప్పాననే అనుకున్నాడు గానీ హాలంతా వినబడింది. "ఇప్పుడు నీళ్ళు తాగుద్ది. తాగి, మీ బాధ నాకు అర్థమైందండీ అంటది. ఆ తర్వాత బడ్జెట్ అంటది."

గ్లాసు సగంలో ఆగిపోయింది. మేడం దాన్ని మెల్లగా కింద పెట్టింది.

"బడ్జెట్ గురించి అయితే..." అని ఉరుము అప్పుడే బదులు అందుకున్నాడు. ట్యాంకరు డ్రైవర్లు చాలక బయటివాళ్ళను రోజుకూలీకి పిలవడం ఎంత దండగో ఏకరువు పెట్టాడు.

"సరేనండీ, పోనీ కొన్నాళ్ళు..." అనబోయింది మేడం.

"కొన్నాళ్ళు చూద్దాం అంటే వచ్చే ఏడాది అని అర్థమండీ" అన్నాడు డ్రైవరన్న, ఉరుముకి అర్థం చెప్తున్నట్టుగా. లెక్కల ఆఫీసరు కూడా నవ్వాపుకోలేకపోయాడు.

జీపులో ఎదుటి పక్షంగా ఇన్నేళ్ళు కూర్చున్న మనిషికి ఆవిడ బదులు తెలియకుండా ఉంటుందా? ఆవిడ ఎక్కడ మెత్తబడుతుందో, ఎక్కడ దాటవేస్తుందో, అన్నీ ఆయనకు కొట్టిన పిండే. ఈ సంగతి మేడంకి వరండాలో నిలబడ్డ రోజే తెలుసు. తెలిసే ఆయన్ని వాళ్ళకి ఇచ్చేసింది.

ఆవిడకి కోపం వస్తుందేమో అనుకున్నాను. రాలేదు. డ్రైవరన్న మొహంలోకి చాలాసేపు చూసింది. పైవాళ్ళు ఏమంటారో అన్న భయం ఆవిడ కళ్ళల్లో ఒకసారి కదిలింది. దాన్ని కూడా నేను చూశాను.

"సరే" అంది.

ఎవరికీ అర్థం కాలేదు. ఇంకా ఏదో అంటుందేమోనని అందరం ఎదురుచూశాం. "సరేనండీ, ఒప్పుకున్నాను. అందరూ ట్యాంకర్ల మీదికి" అని, లెక్కల ఆఫీసరు చేతిలోంచి కలం తీసుకుని సంతకం పెట్టేసింది.

ఉరుము సలహాదారు వైపు తిరిగాడు, ఇప్పుడేం అనాలి అన్నట్టు. సలహాదారు బిత్తరపోయి బల్లకేసి చూస్తున్నాడు. మేడం ఏమన్నా బదులివ్వగల మనిషే. కానీ జీపులో ఆవిడ ఒక్కసారి కూడా సరే అనలేదు. దానికి ఏం అనాలో ఆయనకి రాదు.

కాసేపటికి లేచి నిలబడ్డాడు. అలవాటుగా చేతులు కట్టుకున్నాడు. ఉరుము గొంతు ఎక్కడా లేదు.

"అయితే అమ్మా, ఒకటో తారీఖున కూడా నేను పనిలోకి రావచ్చా?" అని అడిగాడు.

"రండి అన్నయ్యా" అంది మేడం.